లెక్కలకూ వుండాలి ‘జరిగిన కథ’

వారం వారం ఈ పుటకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం సీరియల్‌ను గురించే వుంటాయి. “పోయిన వారం పత్రిక మా వూరికి రాలేదు. నాయిక పుట్టింటికి ఎందుకు వెళ్ళిపోయిందో దయచేసి తెలుపగలరు” అని ఒకరు. “మా పక్కింటావిడ పత్రిక పట్టుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు. ఇంతకూ ఆ ఆకాశరామన్న ఉత్తరం రాసిందెవరు?” అని మరొకరు. ఒక్క సంచిక తప్పిపోతే కథ ఎంత అయోమయంగా తయారవుతుందో పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. అందుకనే సంపాదకులు ప్రతివారం సీరియల్‌కు ముందు ‘జరిగిన కథ’ అని నాలుగు ముక్కలు వేస్తారు. అది చదువుకొంటే చాలు, తప్పిపోయినవాడు మళ్ళీ దారిలో పడతాడు.

ఆ మధ్య వచ్చిన ఉత్తరాల కట్టలో ఒక్కటి మాత్రం వేరే రకంగా వున్నది.

“అయ్యా, మీ సీరియల్‌కు జరిగిన కథ వేస్తారు. లెక్కల పాఠం కూడా సీరియలే. మా బడిలో చాలామంది పిల్లలు నడుమ నడుమ సంచికలు పోగొట్టుకొన్నవాళ్ళు. వాళ్ళకు జరిగిన కథ ఎవరు వెయ్యాల? నాకు చేతనైన పద్ధతిలో నేను వేస్తూన్నాను. వీలుంటే ఒకసారి వచ్చి చూసిపోండి.”

కింద వజ్రకరూరు మండలంలోని ఒక హైస్కూలు చిరునామా. రాసినవారు లెక్కల మాస్టారు.

లెక్కలంటే నాకు మొదటినుంచీ భయమూ భక్తీ రెండూ వున్నవి. భక్తి దూరాన్నుంచి, భయం దగ్గరనుంచి. అయినా ఆ ఉత్తరంలోని ప్రశ్న నన్ను నిలవనివ్వలేదు. గుంతకల్లులో రైలు దిగి, స్టేషను బయట వేడివేడిగా ఉగ్గాని బజ్జీ తిని, బస్సెక్కాను.

వజ్రకరూరు పేరు వినని తెలుగువాడు వుండడు. తొలకరి జల్లు పడిందంటే చాలు, చుట్టుపక్కల పొలాల్లో జనం తలలు వంచుకొని నడుస్తూ కనిపిస్తారు. వాన నీరు పైమన్ను కడిగేస్తే ఎక్కడైనా ఒక రాయి తళుక్కుమంటుందని ఆశ. చద్దిమూటలు కట్టుకొని, పిల్లాజెల్లాతో దూరపు జిల్లాలనుంచి వచ్చేవారూ వున్నారు. ఇది వట్టి వెర్రి కాదు. సుమారు 110 కోట్ల సంవత్సరాల కిందట, భూమి లోపల ఎంతో లోతునుంచి కరిగిన శిల గొట్టాల ఆకారంలో పైకి పొడుచుకొని వచ్చింది. ఆ శిలను కింబర్లైటు అంటారు. లోపల పుట్టిన వజ్రాలను పైకి మోసుకువచ్చిన బండి అదే. అటువంటి గొట్టాలు ఈ ప్రాంతంలో చాలా వున్నట్టు భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు.

అయితే, పేరులో వజ్రం వున్నంత మాత్రాన ఇంట్లో వజ్రం వుండదు గదా! ఇక్కడివాళ్ళు నమ్ముకొన్నది శెనక్కాయ. శెనక్కాయ నమ్ముకొన్నది వాన. ఆ వానకేమో నమ్మకం లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని వస్తాయి. ఈశాన్యపు మేఘాలకు ఈ వూళ్ళు తీరానికి మరీ దూరం. ఏడాదంతా కలిపి జిల్లాలో పడే వాన సగటున 55 సెంటీమీటర్లు. అది కూడా అదనుకు పడితేనే పంట. పంట పోయిన సంవత్సరం తల్లిదండ్రులు బెంగుళూరుకు కూలికి పోతారు. ఇంట్లో చూసేవాళ్ళు లేకపోతే పిల్లలు కూడా వెంట పోతారు.

మాస్టారు చెప్పిన తప్పిపోయిన సంచికలు ఇవేనన్నమాట!

ఆయన నన్ను బడి వరండాలో కూర్చోబెట్టి ఒక పిల్లను పిలిచారు. పదో తరగతి. బక్కపలచగా, రెండు జడలతో వున్నది. తొమ్మిదో తరగతిలో వుండగా జనవరి మొదలు మార్చి దాకా ఆ పిల్ల బెంగుళూరులో వున్నది. అమ్మానాయనలు కడుతూన్న ఇంటి పక్కనే రేకుల షెడ్డులో తమ్ముణ్ణి చూసుకొంటూ కూర్చొన్నది. పరీక్షల వేళకు తిరిగి వచ్చింది. పై తరగతికైతే వచ్చింది గాని, లెక్కల పీరియడు వస్తే చాలు, వెనక బెంచీలో తల వంచుకొనేది.

“తెలుగూ సోషలూ అయితే ఎట్లో చదువుకొంటా సార్. లెక్కలు మాత్రం నడుమన పోయినాయి. అప్పటినుంచి ఏమీ కనపడదు” అన్నది.

‘నడుమన పోయినాయి’ అన్న మాటలో ఎంత సత్యం వున్నదో చూడండి. చరిత్రలో ఒక రాజును వదిలిపెట్టినా తరవాతి రాజు సంగతి తెలుస్తుంది. లెక్కల్లో అలా కుదరదు. భిన్నాలు రానివాడికి నిష్పత్తి రాదు. నిష్పత్తి రానివాడికి సరూప త్రిభుజాలు అర్థం కావు. సరూప త్రిభుజాలు అర్థం కానివాడికి త్రికోణమితి వట్టి మంత్రం. ఒక మెట్టు విరిగిన నిచ్చెన అది. పై మెట్లు ఎంత గట్టివైనా లాభం లేదు.

మాస్టారు ఏం చేయాలి? ముందుకు వెళ్ళాలా, వెనక్కు రావాలా? ముందుకు వెళితే ఆ పిల్ల మునుగుతుంది. వెనక్కు వస్తే మిగిలిన నలభైమంది ఆవులిస్తారు. మార్చిలో పబ్లిక్ పరీక్ష మీద పడుతుంది. ఇద్దరు మాస్టార్లుంటే ఎంత బాగుండును అని ఆయన చాలా కాలం అనుకొన్నారట. చివరకు తానే ఇద్దరైనారు!

ఆ రెండో మాస్టారును నాకు చూపించారు. సైన్సు గదిలో ఒక మూల బల్లమీద అటు నాలుగు, ఇటు నాలుగు ఇటుకలు. వాటిమీద అడ్డంగా ఒక చెక్క. చెక్క మధ్యలో రూపాయి బిళ్ళంత కంత. ఆ కంతమీద కెమెరా కన్ను కిందికి చూసేటట్టు ఆయన సెల్‌ఫోను పడుకోబెడతారు. ఫోను అద్దం ఒక మూల పగిలి వున్నది. చెక్క కింద నోటుపుస్తకం. కిటికీలోనుంచి వచ్చే ఉదయపు వెలుగే దీపం. ఫాను కట్టేస్తారు, రొద వినిపించకుండా. అంతే! దీన్ని మించిన స్టూడియో లేదు.

వీడియోలో ఆయన ముఖం కనిపించదు. చెయ్యీ, కలమూ, కాగితమూ కనిపిస్తాయి. వెనకనుంచి గొంతు వినిపిస్తుంది.

“ముఖం ఎందుకులేండి, రోజూ చూసేదే గదా” అని నవ్వారు. “లెక్క ఎట్లా పుడుతుందో పిల్లలు చూడాల. పుస్తకంలో అచ్చయిన లెక్క ఎప్పుడో పుట్టి పెరిగి పెద్దదయిపోయింది. నల్లబల్ల మీద పుట్టేటప్పుడు చూసినోడు చూసినాడు, చూడనోడు పోయినాడు. దీంట్లో అయితే మళ్ళీ మళ్ళీ పుట్టించొచ్చు.”

ఒక్కొక్క పాఠం ఏడు నిమిషాలకు మించదు. ఒక పాఠంలో ఒకే లెక్క. మధ్యలో మూడుచోట్ల ఆయన కలం ఆపి, “ఇప్పుడు నేనేం చేస్తాను?” అని అడిగి వూరుకొంటారు. తప్పు రాస్తే చెరిపివేయరు. “అరె, తప్పు రాసినానే! ఎక్కడ తప్పింది?” అంటూ వెనక్కు వెళ్ళి దిద్దుతారు. ఆ తప్పుల్లో కొన్ని కావాలని చేసినవేనట. ఎన్ని అన్నది మాత్రం చెప్పలేదు. బొమ్మ నాణ్యం తగ్గించి, పాఠం పాతిక ఎంబీలు దాటకుండా చూస్తారు. నెట్టు అందని ఇళ్ళకు మెమరీ కార్డులోనో, ఫోనునుంచి ఫోనుకు బ్లూటూత్‌లోనో పోతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని తరగతిలోని తెరమీద చూపిస్తారు.

పాఠకులారా, మీలో కొందరు ఇప్పటికే పెదవి విరుస్తూ వుంటారు. “ఈ వీడియో పాఠాలు ఎన్ని చూడలేదు! వచ్చాయి, పోయాయి” అంటారు. నిజమే. ఈ ముచ్చట మనకు కొత్తది కాదు.

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక గొప్ప ప్రయోగం మొదలయింది. అమెరికావారి ఏటీయస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకొని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజను పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాని పేరు సైట్. కోళ్ళగూటికి వాడే ఇనుప వలతో చేసిన గొడుగులాంటి ఏంటెన్నా ఆకాశంకేసి చూస్తూ నిలబడేది. కరెంటు లేనిచోట బ్యాటరీలతో నడిపారు. పొద్దున బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు కార్యక్రమాలు. 1976 జూలై 31తో గడువు తీరిపోయింది. ఆ ఏడాదిలోనే సెలవుల్లో వేలాది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు. ఆ శిక్షణలో టెలివిజను ఒక్కటే కాదు, రేడియో వుంది, అచ్చు పుస్తకం వుంది, చేతులతో చేసే ప్రయోగాలు వున్నాయి. నేడు ‘బ్లెండెడ్ లెర్నింగు’ అని పెద్దపేరు పెట్టుకొని తిరుగుతూన్నది ఈ కలగలుపు చదువే!

తరవాత 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది. కేవలం చదువుకోసం మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. 2010లో దాని పని ముగిసింది. 2020లో కరోనా వచ్చి బడులకు తాళాలు పడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో మన పిల్లలు పాఠాలు చూశారు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల్లోని 8వ తరగతి పిల్లలకూ వారి ఉపాధ్యాయులకూ బైజూస్ పాఠాలు నింపిన టాబ్‌లు పంచింది. 2023 నుంచి ఉన్నత పాఠశాలల్లో తరగతి గదులకు పెద్ద తెరలు వచ్చాయి. యంత్రాలకు ఏమీ కొదవ లేదు. మరి కొదవ ఎక్కడున్నట్టు?

దీనికి జవాబు నాకు ఒక పరిశోధన వ్యాసంలో దొరికింది. పక్కనున్న పాకిస్తాన్‌లో, పంజాబు రాష్ట్రంలో జరిగిన ప్రయోగం అది. వివరాలు 2022లో అచ్చయినాయి. మనలాంటి బడులే, మనలాంటి పిల్లలే. 8వ తరగతి లెక్కలకూ సైన్సుకూ చిన్న చిన్న వీడియో పాఠాలు తయారుచేశారు. కొన్ని బడుల్లో వాటిని తరగతి తెరమీద ఉపాధ్యాయుడే చూపిస్తూ, తన పాఠంలో కలుపుకొని చెప్పాడు. నాలుగు నెలలయ్యేసరికి ఆ పిల్లలు నేర్చుకొన్నది, మామూలు తరగతుల పిల్లలు నేర్చుకొన్నదానికంటె 60 శాతం ఎక్కువని తేలింది. పిల్లల హాజరు పెరిగింది. విచిత్రమేమిటంటే ఉపాధ్యాయుల హాజరు కూడా పెరిగింది! ఇక వేరే బడుల్లో దాదాపు అవే పాఠాలను టాబ్‌లలో పెట్టి పిల్లల చేతికిచ్చారు. ఆ పిల్లల మార్కులు పెరగలేదు సరికదా, తగ్గిపోయాయి.

అదే పాఠం, అదే ఈడు పిల్లలు. మాస్టారును కలుపుకొన్నచోట లాభం, మాస్టారును దాటిపోయినచోట నష్టం.

ఇది ఒక్కచోట దొరికిన వింత కాదు. గుజరాత్‌లో కంప్యూటరు లెక్కల మీద జరిగిన ఒక పరిశీలన 2008లో వెలువడింది. బడివేళల్లో మాస్టారు పాఠానికి బదులు కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టిన పిల్లలు వెనకబడ్డారు. బడివేళ దాటిన తరవాత, పాఠానికి తోడుగా కూర్చోబెట్టినవారు ముందుకు పోయారు. బదులు వేరు, తోడు వేరు. మన ఇళ్ళలో ఈ సంగతి ఆడవాళ్ళకు ఏనాడో తెలుసు. వంటలో ఉప్పు కూరకు తోడు. కూరకు బదులు ఉప్పు వడ్డిస్తే ఎవరు తింటారు?

మన టాబ్‌లమీద ఇక్కడ తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. వాటిని తరగతిలోకి తెచ్చుకొని చక్కగా వాడుకొన్న ఉపాధ్యాయులు వుండకపోరు. యంత్రం పిల్లవాడి చేతిలో పడగానే పని అయిపోయిందని మనం అనుకోరాదు, అంతవరకే నేను చెప్పేది.

ఇక మాస్టారి తరగతి ముచ్చట చెబుతాను. ఆనాడు సరూప త్రిభుజాలు. తెరమీద ఆయన చెయ్యి ఒక కర్ర గీసింది. కర్ర నీడ గీసింది. పక్కన ఒక నీళ్ళ ట్యాంకు, దాని నీడ. “ఇప్పుడు నేనేం చేస్తాను?” అన్నది తెర. వెంటనే మాస్టారు మీట నొక్కి ఆపేశారు. తెరమీది మాస్టారు అలాగే బిగుసుకుపోయారు. తరగతిలోని మాస్టారు వెనక బెంచీ వైపు చూసి, “ఏమప్పా, ఏం చేస్తాడు ఆయన?” అన్నారు. పిల్లలు నవ్వారు. ఒకడు కూడమన్నాడు, ఒకడు హెచ్చవేయమన్నాడు. ఒక పిల్ల లేచి, “రెండు త్రిభుజాలూ ఒకే ఆకారం కదా సార్, భాగిస్తాడు” అన్నది. అప్పుడు మళ్ళీ మీట నొక్కారు.

ఆ ఏడు నిమిషాల వీడియో నడవడానికి పాతిక నిమిషాలు పట్టింది. ఆ తరవాత అందరూ బయటికి వచ్చారు. వేళ పదిన్నర. మీటరు కర్ర నిలబెడితే 60 సెంటీమీటర్ల నీడ పడింది. బడి పక్కనున్న నీళ్ళట్యాంకు నీడను తాడుతో కొలిస్తే 9 మీటర్లు. తొమ్మిదిని 0.6తో భాగిస్తే పదిహేను. ట్యాంకు ఎత్తు 15 మీటర్లు! ఎవ్వరూ నిచ్చెన ఎక్కలేదు. పిల్లలు ట్యాంకువైపు తలెత్తి చూసిన చూపు వుందే, పొలంలో రాయి దొరికినవాడి చూపు కూడా అలా వుండదు.

ఆ తెరలో ఎన్ని విద్యలున్నా, అన్నిటిలోకీ గొప్పది ‘ఆపే మీట’ అని నాకు అప్పుడు తోచింది. సినిమాహాల్లో బొమ్మ ఆగితే ఈల వేస్తాం. లెక్కల పాఠంలో బొమ్మ ఆగినప్పుడే చదువు మొదలవుతుంది. ఎక్కడ ఆపాలో, ఎవరిని అడగాలో తెరకు తెలియదు. అది తెలిసినవాడు తరగతిలో నిలబడి వుండాలి.

మరి బెంగుళూరు వెళ్ళివచ్చిన పిల్ల మాట ఏమయింది?

ఆ పిల్లకు మాస్టారు తొమ్మిదో తరగతిలో తప్పిపోయిన పాఠాలు పద్దెనిమిది ఏరి, వరసగా ఒక మెమరీ కార్డులో వేసి ఇచ్చారు. ఇంట్లో వున్నది ఒకే ఫోను, నాయనది. పగలంతా ఆయనతో వెళ్ళిపోతుంది. రాత్రి ఎనిమిది తరవాత అరగంట మాత్రం పిల్లకు ఇస్తాడు. ఆ అరగంటలో ఒక్క పాఠం, నోటుపుస్తకం పక్కన పెట్టుకొని. చూస్తూ రాయకూడదు, ఆపి రాయాలి. ఇది మాస్టారు పెట్టిన షరతు. మర్నాడు ప్రార్థనకు ముందు పది నిమిషాలు ఆయన ఆ పుస్తకం చూస్తారు.

మొదటి వారం తల్లికి నమ్మకం కుదరలేదు. బడికి వచ్చి, “పిల్ల ఫోను పట్టుకొని కూచుంటాది సార్. చదువుతాందో, బొమ్మలు చూస్తాందో నాకేం తెలుస్తాది?” అని అడిగిందట.

మాస్టారు జవాబు నాకు బాగా నచ్చింది. “తెరమీదికి చూడొద్దమ్మా, నోటుపుస్తకం చూడు. పొద్దున్నకు ఒక పేజీ నిండితే చదివినట్టు. నిండకపోతే ఫోను తీసి దాచెయ్యి” అన్నారు. చదువురాని తల్లి కూడా నిండిన పేజీని గుర్తుపట్టగలదు. ఇంతకంటె మంచి పర్యవేక్షణ ఏ కంపెనీ కనిపెట్టింది?

పద్దెనిమిది పాఠాలూ ముగిసిన తరవాత ఆ పిల్ల పదో తరగతి నీడల పాఠం కూడా ఇంట్లో చూసింది. ఆదివారంనాడు ఇంటి ముందరి యాపచెట్టు ఎత్తు తానే కొలవాలని బయలుదేరింది. కర్ర పాతింది. మీటరు కర్రకు మీటరున్నర నీడ. పుస్తకంలో రాసుకొన్నది. ఇంతలో తల్లి నీళ్ళకు పంపింది. నీళ్ళు మోసి, తమ్ముడికి అన్నం పెట్టి, వచ్చి చెట్టు నీడ కొలిచింది. 3 మీటర్ల 60 సెంటీమీటర్లు. భాగిస్తే చెట్టు ఎత్తు 2 మీటర్ల 40 సెంటీమీటర్లు వచ్చింది.

తలెత్తి చూసింది. చెట్టేమో ఇంటి కప్పు దాటి అంత ఎత్తున వున్నది. లెక్కేమో నాయన చెయ్యెత్తితే అందుతుందంటూన్నది!

ఆ రాత్రి వీడియో నాలుగుసార్లు చూసింది. నాలుగుసార్లూ తెర అదే మాట అన్నది. భాగహారం మళ్ళీ మళ్ళీ చేసింది. భాగహారంలో తప్పు లేదు. మర్నాడు పుస్తకం పట్టుకొని వచ్చి, “సార్, లెక్క సరిగ్గా వుండాది, చెట్టే తప్పుగా వుండాది” అన్నది.

మాస్టారు నవ్వలేదు. పుస్తకం చూశారు. “కర్ర నీడ ఏ వేళకు కొలిచినావు?” అన్నారు.

“ఎనిమిదిన్నరప్పుడు సార్.”

“చెట్టు నీడ?”

ఆ పిల్ల నోరు తెరిచింది. జవాబు చెప్పలేదు. ఒక్క క్షణం ఆకాశంకేసి చూసింది. “పొద్దు జరిగిపోయింది సార్!” అని అరిచినంత పని చేసింది.

రెండు నీడలూ ఒకే వేళకు కొలవాలి. అప్పుడే రెండు త్రిభుజాల్లోనూ కోణాలు ఒకటవుతాయి. ఆ మాట పుస్తకంలో వుండవచ్చు, మాస్టారు తరగతిలో చెప్పి వుండవచ్చు. వీడియోలో మాత్రం చెప్పడం మరిచారు. నాలుగుసార్లు తిప్పి చూసినా తెర ఆ పిల్లను ‘ఏ వేళకు కొలిచినావు’ అని అడగలేదు. అడగలేదు గదా మరి! అది చూపించగలదు, వినలేదు. ఆ ఒక్క ప్రశ్నకోసం మాస్టారు వుండాలి. అయితే ఆ పద్దెనిమిది పాఠాలు లేకపోతే, ఆ పిల్ల అంత చక్కని తప్పు చేయగల స్థితికి వచ్చేదే కాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పుకోవాలి. ఒకటి వదిలేస్తే రెండోది అబద్ధమవుతుంది.

మాస్టారు ఆనాడే వీడియో మళ్ళీ తీశారు. ఈసారి అందులో ఆ పిల్ల కొలతలే లెక్కగా పెట్టారు. “ఇప్పుడు నేనేం చేస్తాను?” అన్నచోట, “ఈ లెక్కలో చెట్టు ఎందుకు కుదించుకుపోయింది?” అని అడిగారు. ఆ పిల్ల వెనక బెంచీనుంచి రెండో బెంచీకి వచ్చింది. పరీక్షలో ఏం చేస్తుందో నేను చెప్పలేను. సంగతులు కాని సంగతులు రాయడం సీరియల్ రచయితల హక్కు, నాది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పావులూరి మల్లన గుర్తుకు వచ్చాడు. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితాన్ని వందల ఏళ్ళ కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మహానుభావుడు. లెక్కలను పద్యాల్లో ఎందుకు చెప్పాడు? పద్యం నోటికి వస్తుంది. గురువు పక్కన లేనప్పుడు, పొలానికి పోతూ, గొడ్లు కాస్తూ మళ్ళీ మళ్ళీ తిప్పుకోవచ్చు. కాగితం ఖర్చు కూడా లేని వీడియో అది! కాని పద్యం వస్తే లెక్క వచ్చినట్టు కాదని ఆనాటి గురువుకూ తెలుసు. పద్యం చెప్పించుకొని, “సరే, ఇప్పుడు ఈ కుప్పలో గింజలెన్నో చెప్పు” అనేవాడు వుంటేనే విద్య.

ఈ పుట చదివే ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. పెద్ద యంత్రం వచ్చేదాకా ఆగకండి. ఎనిమిది ఇటుకలూ ఒక చెక్కా మీ వూళ్ళో దొరుకుతాయి. మీ గొంతు పిల్లలకు తెలుసు, మీ పలుకు మీ పల్లె పలుకు. ఎక్కడో పట్నంలో రంగుల బొమ్మలతో తీసిన పాఠం బాగుండవచ్చు. దాన్నీ చూపండి, మధ్యలో ఆపండి. కాని మీ తరగతిలో ఏ పిల్ల ఏ వారం రాలేదో పట్నంవాళ్ళకు తెలియదు. తప్పిన పాఠం ఏదో తెలిసినవారే ‘జరిగిన కథ’ రాయగలరు.

తల్లిదండ్రులకు ఇంకొక మనవి. రాత్రి అరగంట ఫోను వదలండి. ముఖ్యంగా ఆడపిల్లకు వదలండి. ఇంట్లో ఒకే ఫోను వుంటే అది ముందు నాయన చేతికి, తరవాత అన్న చేతికి వెళ్ళి, పిల్ల వంతు వచ్చేసరికి చార్జింగు అయిపోతూన్నది. అరగంట తరవాత మాత్రం నిండిన పేజీ చూపించమనండి.

తొలకరి పడినప్పుడు వజ్రకరూరు పొలాల్లో వందలమంది నేలకేసి చూస్తూ నడుస్తారు. ఎవరికో ఒక్కరికి రాయి దొరుకుతుంది, మిగిలినవాళ్ళు ఉత్త చేతులతో ఇంటికి పోతారు. బడిలో కూడా అలాగే జరగనివ్వాలా? నూరుమందిలో ఒక్కడు మెరిస్తే చాలునని సంతోషించడం వజ్రాల వేటగాడి లెక్క. నడుమన పోయిన ప్రతి పిల్లనూ వెనక్కు తెచ్చుకోవడం మాస్టారి లెక్క. ఈ రెండింటిలో ఏది మనదో తేల్చుకోవలసినవారం మనమే.

మీ వూళ్ళో ఇటువంటి మాస్టారుంటే నాకు రాయండి. ఉత్తరంలో వారి పాఠం ఎన్ని నిమిషాలో రాయవద్దు, ఎన్నిసార్లు ఆపుతారో రాయండి.